కోర్టు విడిచిన మనిషికి ఇంటి అప్పు

వకీలు: మన బీదర్ దగ్గర ధన్నూరలో ఒక మనిషి ఉన్నాడనుకుందాం కాకా. మూడెకరాల్లో కంది, సోయా. ఊళ్లో విత్తనాల, ఎరువుల దుకాణం. రైతులకు ఉద్దెర ఇచ్చాడు. రెండు పంటలు వరసగా పోయాయి. ఒకసారి వాన రాక, ఒకసారి కోతకొచ్చిన సోయా మీద వాన ఆగక. రైతులు ఇతనికి కట్టలేదు, ఇతను కంపెనీలకూ బ్యాంకుకూ కట్టలేదు. ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టాడు. కోర్టు వేసిన రిసీవరు పొలం, సరుకు, బండి అమ్మి అప్పిచ్చినవాళ్లకు పంచాడు. పాత మట్టి మిద్దె ఒక్కటే మిగిలింది. కొన్నేళ్లకు కోర్టు విడుదల ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడు కొడుకు హైదరాబాదులో జీతం తెచ్చుకుంటున్నాడు. తండ్రీకొడుకులు కలిసి ఆ మిద్దె తీసేసి ఇల్లు కట్టుకుందామని బ్యాంకుకు వెళ్తే, తండ్రి పేరు చూసి కాగితాలు తిప్పిపంపారు. చట్టం వదిలేసిన మనిషిని బ్యాంకు ఎందుకు పట్టుకోవాలి?

మేనేజరు: బ్యాంకు పట్టుకోలేదు బిడ్డా. ఇయ్యలేదు, అంతే. ఆ రెండూ ఒకటి కావు. పాత బాకీ అడగొద్దని కోర్టు చెప్పింది, అడుగుతలేం. కొత్త అప్పు ఇయ్యమని ఏ కోర్టూ చెప్పలేదు. నేను ఇచ్చేది నా జేబుల పైసలు కాదు. ఆ ఊర్లనే పింఛను మీద బతికే పంతులమ్మ దాచుకున్నవి, బిడ్డ పెండ్లికని ఇంకొకాయన ఎఫ్‌డీ వేసినవి. వాళ్లొచ్చి అడిగిన రోజు, ఒకాయన మీద జాలితోని ఇచ్చిన, మునిగింది అని చెప్పలేను కదా.

వకీలు: జాలి అడగడం లేదు. ఆ విడుదలకు విలువ కట్టమంటున్నాను, అది ఊరికే రాలేదు కాబట్టి. మామూలు మనిషి దివాలాకు మన దగ్గర ఇప్పటికీ దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త కోడ్ వచ్చింది, దాని మూడో భాగం మనుషుల కోసమే రాశారు. కానీ 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చింది కంపెనీల అప్పులకు జామీను నిలబడ్డవాళ్ల వరకే. ఎరువుల దుకాణం మనిషి వందేళ్ల నాటి చట్టం కిందే నడవాలి. ఆ చట్టం మెత్తనిదేమీ కాదు. విడుదల అడిగితే అప్పిచ్చినవాళ్లను పిలిచి వింటుంది. ఉన్న ఆస్తి రూపాయికి ఎనిమిది అణాల బాకీ తీర్చడానికైనా చాలకపోతే పూర్తి విడుదల ఇవ్వొద్దని 42వ సెక్షన్ చెబుతుంది. తన తప్పు లేకుండా, తన చేతిలో లేని కారణాల వల్ల అలా అయిందని ఆ మనిషి కోర్టును ఒప్పించగలిగితేనే మినహాయింపు. విడుదలకు ముందు తన సంగతి దాచి 50 రూపాయల అప్పు తీసుకున్నా 72వ సెక్షన్ కింద జైలుకు పోవచ్చు. ఇన్ని దాటి వచ్చిన మనిషి గురించి మీ లోన్ ఆఫీసరుకు తెలిసినదానికంటే ఎక్కువే ఒక జడ్జికి తెలుసు.

మేనేజరు: అన్ని దాటి వచ్చినోళ్లు ఎందరు? నువ్వు కోర్టు లోపలి నుంచి చూస్తున్నవు, నేను బయట నిలబడి చూసిన. మన తెలుగోళ్లల్ల ‘ఐపీ పెట్టిండు’ అంటే జనానికి ఏమర్థమైతది? మునిగిండు అని కాదు, ముంచిండు అని. చీటీలు నడిపినాయన ఇల్లు భార్య పేరు మీదికి, ప్లాటు బామ్మర్ది పేరు మీదికి మార్చి కోర్టుకు పోతడు. నెల తిరగకముందే ఇంటింటికి రిజిస్టర్ పోస్టుల కవరు వస్తది. తెరిచి చూస్తే అప్పిచ్చినోళ్ల పేర్ల పట్టిక. ఇడ్లీ బండి నడిపే ఆమె వేలు పెట్టి వెతుక్కుంటది, తన పేరు ఏ నంబరు కాడ ఉన్నదో. పేరు దొరుకుతది, ఎదురుంగ రాసిన అంకె తానిచ్చిన దానికంటే తక్కువ ఉంటది. ఆ కవరు అందుకున్నోళ్లు వందల మంది ఉన్నరు. అసొంటి చోట ‘విడుదల ఉత్తర్వు’ అని కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెడితే నా చెయ్యి వెనక్కే పోతది.

వకీలు: ఒప్పుకుంటాను. దొంగ ఐపీలు లేవని నేను అనలేను. పిటిషన్‌కు ముందు రెండేళ్ల లోపు ఆస్తి ఊరికే ఎవరి పేరు మీదికైనా మార్చి ఉంటే రద్దు చేయించడానికి 53వ సెక్షన్ ఉంది. కానీ ఆ దరఖాస్తు వేసి ఏళ్ల తరబడి తిరిగే ఓపిక ఇడ్లీ బండి ఆమెకు ఎక్కడుంటుంది? రిసీవర్లు అడగాలి, చాలాసార్లు అడగరు. మా వ్యవస్థ దొంగను ఆపలేకపోతోంది, నిజం. అయితే ఆ దొంగకు పడాల్సిన శిక్ష వాన దెబ్బ తిన్న మనిషికి ఎందుకు పడుతోంది? మీ క్రెడిట్ రిపోర్టు ఒకసారి చూడండి. నెలకొక గడి చొప్పున 36 నెలల గడులు. కట్టినన్నాళ్లూ 000. తర్వాత 030, 060, 090. ఆ పైన చిన్న అక్షరాల్లో ‘రిటన్ ఆఫ్’ అనో ‘సెటిల్డ్’ అనో. చీటీల ఆయన గడులూ ఇవే, ధన్నూర మనిషి గడులూ ఇవే. ఎందుకు ఆగిపోయాడో రాసే గడి అందులో లేదు.

మేనేజరు: లేకపోవుడే దాని మేలు బిడ్డా. ఎందుకు అని రాసే గడి పెడితే ఎవరు రాస్తరు? నేను పనిల చేరిన కాలంల ఆ గడులు లేవు. సిబిల్ పుట్టిందే 2000ల. దానికి ముందు అప్పు ఎవరికి ఇయ్యాలెనో ఎట్ల తెలుస్తుండె? పటేలును అడుగుతుండె. సొసైటీ సెక్రటరీని అడుగుతుండె. ‘మంచోడే సార్, మనోడే’ అంటే కాగితం కదులుతుండె. ‘మనోడు’ కానోడు ఎంత నిజాయితీగ కట్టినా వాని మాట చెప్పేటోడు ఉండకపోతుండె. దళితవాడల ఒకాయన చిన్న అప్పు తీసుకుని ఒక్క కిస్తు తప్పకుండ కట్టి, పెద్ద అప్పుకు వస్తే, ఊరి పెద్ద ‘జర చూసి ఇయ్యిన్రి’ అన్నడు. ఆ నాలుగు మాటలతోనే ఆయన పని ఆగిపోయింది. ఈ గడులల్ల కులం లేదు. 000 అంటే 000నే. అది మనిషిని చూడదని నువ్వు కోపపడుతున్నవు. నేను ఆ చూపుల కింద నలిగినోళ్లను చూసిన గనుకనే దాన్ని నమ్ముతున్న.

వకీలు: ఈ మాటకు నా దగ్గర తేలిక జవాబు లేదు. మా ఇంట్లోవాళ్లూ ఆ పటేలు మాట కోసం వాకిట్లో నిలబడ్డవాళ్లే. అంకె వచ్చి ఆ వాకిలి నుంచి మమ్మల్ని బయటికి తెచ్చింది. అది కాదనను. అయినా ఇక్కడే, బీదర్‌లోనే ఇంకో పద్ధతి నడిచింది కదా. మన డీసీసీ బ్యాంకు స్వయం సహాయక సంఘాలకు అప్పులిచ్చే పనిలో దేశమంతా చెప్పుకునేంత పేరు తెచ్చుకుంది. ఆ సంఘాల్లో అంకె లేదు, పటేలూ లేడు. పదిహేను, ఇరవై మంది ఆడవాళ్లు వారం వారం కూర్చుని, ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవరికి ఆగాలి అని వాళ్లే చెప్పుకున్నారు. ఒకామె కిస్తు తప్పితే భర్త ఆసుపత్రిలో ఉన్నాడా, తాగి పోగొట్టాడా అన్నది అందరికీ తెలుసు. ఆసుపత్రి అయితే ఈ నెల మేం సర్దుతాం అన్నారు, కోలుకున్నాక మళ్లీ అప్పిచ్చారు. వాళ్లకూ జ్ఞాపకం ఉంది కాకా. కారణంతో సహా గుర్తుంది.

మేనేజరు: నిజమే. ఆ లెక్కల పుస్తకాలు నేనూ తిరగేసిన. ఆ అక్కల మీద నాకు గౌరవం ఉన్నది. గాని ఆ అప్పు ఎంత? వేలల్ల. తప్పితే ఇరవై మంది తలా కొంత వేసి సర్దుకోగలరు. ఇంటి అప్పు పదిహేను లక్షలు, ఇరవై ఏండ్లు. ఇరవై మంది సర్దగలరా? ఇరవై ఏండ్లు ఆ సంఘం ఉంటదా? ఇంకొకటి, కొడుకు ఉండేది హైదరాబాదుల. ఆయన సంగతి ధన్నూరల ఏ సంఘానికి తెలుసు?

వకీలు: తెలియదు. అందుకే కంప్యూటరు తీసేయమనడం లేదు. దాని జ్ఞాపకానికి ఒక గడువు పెట్టమంటున్నాను. క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం మనకు 2005లో వచ్చింది. సమాచారం కనీసం ఏడేళ్లు ఉంచాలని దాని కింది నిబంధన. కనీసం! అమెరికాలో 1970లో చేసిన చట్టం ఇదే విషయాన్ని తలకిందులుగా పట్టుకుంది. దివాలా సంగతి సాధారణంగా పదేళ్లు దాటాక రిపోర్టులో చూపొద్దు అంటుంది. మనది ఇంతకంటే తక్కువ గుర్తుంచుకోవద్దంటుంది, వాళ్లది ఇంతకంటే ఎక్కువ చెప్పొద్దంటుంది. ఇంటి అప్పుకైతే ఇంకా ముందే దారి ఉంది. అక్కడ చాప్టర్ 7 కింద అన్నీ పోగొట్టుకున్న మనిషి విడుదలైన రెండేళ్లకు ప్రభుత్వ బీమా ఉన్న ఎఫ్‌హెచ్ఏ ఇంటి అప్పుకు, నాలుగేళ్లకు మామూలు ఇంటి అప్పుకు అడగొచ్చు. ఇస్తారన్న హామీ లేదు. కానీ ఏ రోజు వెళ్లి అడగాలో ఆ మనిషికి తెలుసు. టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లను అడిగితే ఈ లెక్క చెబుతారు. ధన్నూర మనిషికి ఆ తేదీ చెప్పగలిగినవాళ్లు లేరు. ఐదేళ్లా, పదేళ్లా, చచ్చేదాకానా?

మేనేజరు: అమెరికా పేరు ఎత్తినవు గనుక అక్కడిదే ఒకటి చెప్త. డేవిడ్ మస్టో అని వార్టన్ ప్రొఫెసరు. పదేండ్లకు దివాలా గుర్తు తీసేసినంక ఆ మనుషులు ఏమైన్రు అని చూసి 2004ల పేపరు రాసిండు. గుర్తు పోంగనే స్కోరు లేచింది, కొత్త కార్డులు, కొత్త అప్పులు వచ్చినయి. తర్వాత? ఆ స్కోరు చూసి ఎంతమంది తప్పుతరని అనుకున్నరో అంతకంటే ఎక్కువ మంది తప్పిన్రు. అంటే ఆ పదేండ్ల కిందటి గుర్తు అబద్ధం చెప్తలేకుండె. నువ్వు దాన్ని మరిచిపో అంటే, ఆ నష్టం ఎవరో మోయాలె. మరిచిపోయిన బ్యాంకు ఊకనే మోయదు, వడ్డీల కలుపుతది. ఎన్నడూ కిస్తు తప్పని పక్కింటాయన పావు శాతం ఎక్కువ కడతడు. ఆయన చేసిన తప్పేంది?

వకీలు: ఆ పక్కింటాయన మాట నాకూ బరువుగానే ఉంటుంది. అయితే మస్టో చూసింది ఎక్కువగా కార్డుల వంటి తనఖా లేని అప్పులను. ఇక్కడ అప్పు వెనక ఇల్లు నిలబడి ఉంటుంది. 30 లక్షల లోపు ఇంటి అప్పయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు అనుమతి ఇచ్చిందంటే, ఆ తనఖా మీద నమ్మకంతోనే కదా? కట్టకపోతే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు గడప ఎక్కకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. ఇంత బలం చేతిలో పెట్టుకుని పాత గడుల లెక్కెందుకు?

మేనేజరు: ఎన్నడన్నా ఊర్ల ఇల్లు వేలం వేసింది చూసినవా? నేను వేయించిన. తలుపు మీద నోటీసు అంటించినం. దండోరా వేయించినం. తారీఖు నాడు పోతే అరుగు మీద ముసలమ్మ కూర్చున్నది, మా దిక్కు చూస్తలేదు. జనం వచ్చిన్రు, వచ్చి దూరంగ చెట్టు కింద నిలబడ్డరు. పాట మొదలు పెడితే ఒక్కడు నోరు తెరవలే. ఎట్ల తెరుస్తరు? రేపు పొద్దుగాల నీళ్లకు అదే గల్లీల నుంచి పోవాలె. అదే ముసలమ్మ మనవని పెండ్లికి పోవాలె. హైదరాబాదుల ఫ్లాటు వేలం వేస్తే ముక్కూ మొకం తెలువనోడు వచ్చి కొంటడు. ధన్నూరల ఇల్లు కొనేటోడు ధన్నూరోడే, వాడు కొనడు. అందుకే పల్లెల ఇంటి తనఖా అంటే నాకు కాగితమే. ఆ కాగితం గూడ సరిగ్గ ఉన్నదా? పంచాయతీ ఈ-స్వత్తు ఫారం 9, ఫారం 11 తెమ్మంటే ఎన్నో ఇండ్లకు దొరకవు. అసొంటి చోట నాకున్న అసలు తనఖా ఆ మనిషి నడతనే. అదే విరిగింది అంటే ఇంక దేని మీద ఇయ్యాలె?

వకీలు: వేలంలో ఎవరూ పాడరన్నది మీ భయానికి కారణమైతే, ఆ భయం ఎన్నడూ తప్పని మనిషి ఇంటికీ వర్తిస్తుంది. అప్పుడు ఊళ్లో ఎవరికీ ఇవ్వకూడదు.

మేనేజరు: చాలామందికి ఇస్తలేం గూడ. అది నాకు గర్వం కాదు.

ఇంకొకటి చెప్పాలె. ఇది బ్యాంకోనిగ కాదు, మీ కాకాగ చెప్తున్న. ఆయన మట్టి మిద్దె ఎట్ల మిగిలింది? రైతు ఉండే ఇంటిని డిక్రీ కింద జప్తు చేయొద్దని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఉన్నది. అట్ల జప్తు కాని ఆస్తి ఐపీల గూడ రిసీవరు చేతికి పోదు. అన్ని పోయిన రోజు ఆయన నెత్తి మీద కప్పు నిలిపింది అదే. ఇప్పుడు ఆ జాగనే నాకు తనఖా రాసిస్తడు. రాసిచ్చిన రోజు నుంచి నా బాకీకి ఆ సెక్షన్ అడ్డం రాదు, తన చేతులతోనే తీసి పక్కన పెట్టినట్టు. సోయా మళ్ల మునిగితే, కొడుకు కొలువు పోతే, ఈసారి కప్పు గూడ పోతది. ఒకసారి మునిగినోన్ని ఉన్న ఒక్క గూడు తెచ్చి పందెంల పెట్టమనే కాగితం మీద నేను సంతకం పెట్టాలెనా?

వకీలు: మీరు చెప్పినవాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇదే. అయినా ఆ పందెం వద్దని చెప్పే హక్కు ఎవరిది? ఆయనదా, మీదా? వాన పడితే ఆ మిద్దె కారుతుంది. ప్రధానమంత్రి ఆవాస్‌లో పేరు వస్తే 1.20 లక్షలు, ఆ డబ్బుతో ఇల్లు పూర్తికాదు. మీరు వద్దన్నారని ఆయన అప్పు మానుకోడు. ఇంకో గడపకు పోతాడు. కోడలి పేరు మీద ఒక మైక్రోఫైనాన్స్, భార్య పేరు మీద ఇంకొకటి, 24 శాతం చుట్టుపక్కల వడ్డీ, వారం వారం కిస్తు. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం చిన్న అప్పుల బలవంతపు వసూళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చింది ఊరికే కాదు. ఊళ్లు వదిలి పారిపోయిన కుటుంబాలు, ప్రాణాలు తీసుకున్న మనుషులు దాని వెనక ఉన్నారు. మీరు మూసిన తలుపు ముందు ఆ మనిషి ఆగిపోడు కాకా, అక్కడికి పోతాడు.

మేనేజరు: ...పోతడు. తెలుసు.

వకీలు: మైక్రోఫైనాన్స్ మాట వచ్చింది కాబట్టి 2010 గుర్తు చేస్తాను. ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చాక వసూళ్లు కుప్పకూలాయి. లక్షల మంది తెలుగు ఆడవాళ్లు ఒక్కసారిగా ఎగవేతదారుల పట్టికలో పడ్డారు. పదేళ్లు దాటాక, 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆ వ్యాపారానికి అక్కడి ఊళ్ల దారి మళ్లీ తెరుచుకుంది. మరి అప్పుడు పాత జ్ఞాపకం అడ్డం రాలేదే?

మేనేజరు: వాళ్లు మరిచిపోలేదు బిడ్డా. ఆ జ్ఞాపకం ధర 24 శాతంల కలిపే ఉన్నది. నేనిచ్చే ఇంటి అప్పు ఎనిమిది, తొమ్మిది శాతం. అందుల తప్పేటోని లెక్క కలిపే జాగ లేదు. ధన్నూర ఆయనకు పదమూడు శాతానికి ఇయ్యి అంటే, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చేవి ఉన్నయి. నువ్వు ఒప్పుకుంటవా?

వకీలు: ఒప్పుకోను. తక్కువ ఉన్నవాడు ఎక్కువ కట్టాలనడం ఏం న్యాయం? అయితే మీరు చెప్పిన లెక్కలో తప్పు కూడా చూపలేను. వదిలేద్దాం. పెద్దవాళ్ల సంగతికి రండి. 2023 జూన్ 8న రిజర్వ్ బ్యాంకు రాజీ సెటిల్‌మెంట్ల మీద సర్క్యులర్ ఇచ్చింది. బ్యాంకుతో రాజీ పడి, బాకీలో కొంత కట్టి, మిగతాది మాఫీ చేయించుకున్నవాడికి మళ్లీ అప్పివ్వడానికి ముందు కనీసం 12 నెలలు ఆగాలట. వ్యవసాయ అప్పులకైతే ఎంత ఆగాలో బ్యాంకు బోర్డులే చూసుకోవాలి. బుద్ధిపూర్వకంగా ఎగ్గొట్టినవాళ్లతో కూడా రాజీ చేసుకోవచ్చని అందులోనే ఉంది. అంటే వేల కోట్ల ఫ్యాక్టరీ ఆయన ఎప్పుడు తిరిగి రావొచ్చో రాసి పెట్టారు. ఎరువుల దుకాణం ఆయనకు ఎవరూ రాయలేదు.

మేనేజరు: 12 నెలలు దాటితే ఇయ్యాలని అందుల లేదు. అంతకంటే ముందు ఇయ్యొద్దని ఉన్నది. గాని నీ మాటల కోపం నాకూ ఉన్నది. కొలువుల ఉండుకుంటనే నేను దాన్ని గట్టిగనే అడిగిన, జవాబు రాలే. పెద్దోని విషయంల బ్యాంకు చూసేది ముందర వచ్చే లాభం, చిన్నోని విషయంల చూసేది వెనకటి మచ్చ. ఇది తప్పు. దాన్ని నేను సమర్థించను.

అయితే మాఫీల సంగతి గూడ నువ్వు చెప్పాలె. 2008ల కేంద్రం రైతు అప్పులు మాఫీ చేసి, వాళ్లకు మళ్ల కొత్త అప్పు ఇయ్యాలన్నది. ఎవరు వానతో మునిగిన్రు, ఎవరు కట్టగలిగి కట్టలేదు అని చూడలే. తర్వాత ప్రపంచ బ్యాంకు పరిశోధకులు చూస్తే, మాఫీ ఎక్కువ అందిన జిల్లాలల్ల కట్టుడు తగ్గింది, కొత్త అప్పులు ఇచ్చుడూ మందగించింది. మన్నించుడు ఎట్ల పాడైతదో అక్కడ కనబడ్డది. 2018ల ఇక్కడ కుమారస్వామి మాఫీ, 2024ల అవతల జహీరాబాద్ దిక్కు రేవంత్ రెడ్డి మాఫీ, రెండు లక్షల దాకా. ప్రతిసారి ఎన్నికలకు ఆరు నెలల ముందు నుంచే కట్టేటోడు గూడ ఆగుతడు.

వకీలు: నా వాదనకు అది బలమే కాకా. మాఫీలో విచారణ లేదు, ఐపీలో ఉంది. మాఫీలో ఆస్తి పోదు, ఐపీలో పొలం పోయింది, దుకాణం పోయింది, ఊళ్లో పేరు పోయింది. ఇంత పోగొట్టుకుని వచ్చినవాడికి దక్కని కొత్త మొదలు, ఏమీ పోగొట్టుకోనివాడికి పథకంలోనే రాసిచ్చారు. జనం ఏ దారి పడతారు? కోర్టుకు పోయి నిజం చెప్పడం కంటే ఎన్నికల దాకా ఆగడమే తెలివి అని మనమే నేర్పుతున్నాం.

ఇక కొడుకు సంగతి. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం కాబట్టి అతని మీద దావా వేయొచ్చన్న పాత హిందూ న్యాయాన్ని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తీసేసింది. ఆ తర్వాత చేసిన అప్పులకు కొడుకును పట్టుకోవడం కోర్టులోనే కుదరదు. ఈ అబ్బాయి స్కోరు బాగుంది, జీతం ఉంది, ఒక్క కిస్తు తప్పలేదు. అతనికెందుకు ఇవ్వరు?

మేనేజరు: ఆయనకు ఇస్తం. హైదరాబాదుల ఫ్లాటు కొంటే రేపే ఇస్తం. ధన్నూరల జాగ తండ్రి పేరు మీద ఉన్నది. జాగ ఎవరిదో ఆయన సంతకం లేకుండ తనఖా ఎట్ల రాస్తరు? తండ్రి కో-అప్లికెంట్‌గ వచ్చిండంటే ఆయన రిపోర్టు తీస్తం, తీయంగనే అవే గడులు. ధర్మం పేరు మీద కాదు, ఖాతా పేరు మీద వస్తున్నది ఈ చిక్కు.

వకీలు: అయితే తండ్రి జాగను కొడుకుకు గిఫ్టు రాసిస్తే?

మేనేజరు: ఐపీకి ముందర రాసి ఉంటే నీ 53వ సెక్షన్ మాట వస్తుండె. విడుదలైనంక రాస్తే నాకు అభ్యంతరం లేదు. నువ్వే రాయించు, కొడుకు ఒక్కని పేరు మీద తీసుకురా, చూస్త. గాని ఒక్కటి ఆలోచించు. అరవై ఏండ్ల మనిషి, పొలం పోయింది, దుకాణం పోయింది, మిగిలిన ఒక్క జాగ గూడ కొడుకు పేరు మీదికి మార్చి, ఆ ఇంట్ల కొడుకు దయ మీద ఉండాలె. అప్పు పుట్టాలంటే ఆయన కాగితం మీద లేకుండ పోవాలె.

వకీలు: అదే నా బాధ. ఎవరికీ కనపడకుండా పోతే తప్ప ఆ మనిషికి దారి లేదు. మొత్తం రుణ చరిత్రే లేని వాళ్లను స్కోరు లేదన్న ఒక్క కారణంతో తిప్పిపంపొద్దని ఇప్పుడు ప్రభుత్వమే చెబుతోంది. జీవితంలో అప్పు ముఖం చూడనివాడికి ఉన్న చోటు కూడా, అప్పు చేసి, మునిగి, కోర్టులో నిలబడి లెక్క చెప్పిన మనిషికి లేదు. కాబట్టి నేను అడిగేది చిన్నదే. జడ్జి విడుదల ఉత్తర్వులో రాసిన కారణం ఆ గడుల పక్కన కనపడాలి. ‘ఇతని తప్పు లేని పరిస్థితుల వల్ల’ అని కోర్టు తేల్చిందా, లేదా? పటేలు మాట కాదది, విచారణ చేసి రాసిన మాట. ఇది ఒకటి. రెండోది, అలా తేలినవాళ్లకు ఒక గడువు. ఏడేళ్లు కనిష్ఠం కాదు, గరిష్ఠం.

మేనేజరు: మొదటిది ఒప్పుకుంట. ఆ ఉత్తర్వు కోర్టు కట్టలల్ల పడి ఉంటున్నది, నాకు చేరుతలేదు. చేరితే చదువుత, లెక్కల పెట్టుకుంట. రెండోది ఒప్పుకోను. ఏడేండ్లు దాటినంక చూడొద్దంటే, చీటీల ఆయన గూడ ఏడేండ్లు హైదరాబాదుల దాక్కుని కొత్త చొక్కా వేసుకొని వస్తడు.

వకీలు: ఆయనకు ‘తప్పు లేదు’ అన్న ఉత్తర్వు రాదు కదా.

మేనేజరు: రాకుండ చూసే రిసీవర్లు ఉన్నరా? నువ్వే అన్నవు, చాలాసార్లు అడగరని. ముందు ఆ ఇల్లు సర్దుకోండి, తర్వాత నా యాద తీసెయ్యమనండి.

వకీలు: కోర్టులు బాగుపడేదాకా ఆయన మిద్దె కారుతూనే ఉండాలా? పోనీ, రేపు ఆ ఉత్తర్వు మీ టేబుల్ మీదికి వచ్చింది. కారణం వాన అని అందులో ఉంది. విడుదలై ఆరేళ్లయింది, కొడుకు జీతం ఉంది, ఫారం 9, 11 ఉన్నాయి. ఇస్తారా?

మేనేజరు: ఇస్త. 90 శాతం కాదు, 60. కొడుకు ముందర, తండ్రి వెనక.

వకీలు: ఆ మిగతా 40 ఎక్కడి నుంచి తేవాలి కాకా? కోడలి పేరు మీద, వారం కిస్తు మీద?

మేనేజరు: తెస్తడేమోనన్న భయం నాకూ ఉన్నది. 90 ఇస్తే ఆ భయం నాది ఒక్కనిదే కాదు, డిపాజిట్ వేసిన పంతులమ్మది గూడ అయితది. ఆమెను అడగకుండ ఆ ముప్పై నేనెట్ల ఇయ్యాలె?

వకీలు: ఆమెను అడుగుదాం. ఆమెదీ ధన్నూరే. ఎవరి సోయా ఎందుకు మునిగిందో ఆమెకూ తెలుసు.